చక్రాల మీద వానప్రస్థం

మన దగ్గర రిటైరయ్యాక పీఎఫ్ డబ్బుతో ఇల్లు కట్టుకుంటారు. అమెరికాలో కొందరు ఉన్న ఇల్లు అమ్మేసి బండి కొనుక్కుంటారు. వంట అందులోనే, నిద్ర అందులోనే, దేశమంతా తిరగడం అందులోనే! చలికాలం వచ్చిందంటే అలాంటి బండ్లు వేలకొద్దీ అరిజోనా ఎడారిలోని ఓ చిన్న ఊరికి చేరుకుంటాయి. పాత బండి కొని అందులో మలివయసు గడపాలనుకునేవాళ్లు ముందుగా చూసి రావాల్సిన ఊరు అది.

క్వార్ట్‌సైట్... ఫీనిక్స్ నుంచి లాస్‌ఏంజెలిస్ వెళ్లే పెద్దరోడ్డు మీద, ఫీనిక్స్‌కి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కణ్నుంచి కాస్త పడమరకి వెళితే కొలరాడో నది, అది దాటితే కాలిఫోర్నియా. జులైలో ఆ దారిన పోయేవాళ్లు పెట్రోలు కోసం ఆగుతారే తప్ప బండి దిగి నాలుగడుగులు వేయరు. ఎండ అంతలా మాడ్చేస్తుంది. చుట్టూ గులకరాళ్ల నేల, అక్కడక్కడా ముళ్లపొదలు, నిలువెత్తు సగువారో జెముళ్లు, దూరంగా గోధుమరంగు కొండలు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఊళ్లో ఉన్నది 2,413 మందే. మన దగ్గరైతే ఓ మోస్తరు పల్లెటూరు.

అదే ఊరు జనవరిలో జాతరలా ఉంటుంది. ఎటు చూసినా బండ్లే. బస్సంత పొడవున్నవి, వ్యానంత బుల్లివి, కొత్తగా మెరిసేవి, రంగు వెలిసినవి. ప్రతి బండికీ పక్కన ఓ గొడుగు పందిరి, దాని కింద రెండు మడతకుర్చీలు, కప్పు మీద సోలార్ పలకలు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో చాలామందికి అరవై దాటి ఉంటాయి. మిన్నెసోటా, మోంటానాల నుంచీ, సరిహద్దుకు అవతలున్న కెనడా నుంచీ చలికి తట్టుకోలేక దిగివచ్చినవాళ్లు. వలసపక్షుల్లా వచ్చి పోతారు కాబట్టి వాళ్లను ముద్దుగా ‘స్నోబర్డ్స్’ అంటారు. అక్కడ మోకాలిలోతు మంచుంటే ఇక్కడ పగలు మన డిసెంబరులా హాయిగా ఉంటుంది మరి.

ఒంటెలవాడి ఊరు

ఈ ఊరికీ సంచారులకీ సంబంధం ఇప్పటిది కాదు. 1850ల్లో అమెరికా సైన్యం ఎడారిలో సామాన్లు మోయడానికి ఒంటెలను తెప్పించింది. వాటిని తోలడానికి ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి వచ్చినవాళ్లలో హాజీ అలీ ఒకడు. సైనికులకు ఆ పేరు నోరు తిరగక ‘హై జాలీ’ అన్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది. ఒంటెల ప్రయోగం మూలన పడినా అతడు మాత్రం ఎడారిని వదల్లేదు. 1902లో ఇక్కడే కన్నుమూశాడు. 1935లో రాష్ట్ర రహదారుల శాఖ అతడి సమాధి మీద రాళ్లతో చిన్న పిరమిడ్ కట్టి, పైన రాగి ఒంటె బొమ్మ పెట్టింది. ఊరికి వచ్చినవాళ్లు దాని దగ్గర ఓ ఫొటో తీయించుకోకుండా వెళ్లరు.

1960ల్లో రంగురాళ్ల సంత మొదలవడంతో ఊరి పేరు బయటికి పాకింది. రాళ్లు కొనడానికి వచ్చినవాళ్లు వాతావరణం నచ్చి ఎడారిలోనే మకాం పెట్టడం మొదలుపెట్టారు. చుట్టూ ఉన్నది కేంద్ర ప్రభుత్వ భూమి. వచ్చేవాళ్లను వద్దనలేక, ఎడారిని పాడుచేయనివ్వలేక ప్రభుత్వ భూముల శాఖ 1983లో ఓ ఏర్పాటు చేసింది. ఊరికి దక్షిణంగా ఉన్న లా పోసా అనే చోట సుమారు 11,400 ఎకరాలను వీళ్ల కోసమే కేటాయించింది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకూ... అంటే ఏడు నెలలు ఉండేందుకు పర్మిట్ తీసుకోవాలి. చాలా ఏళ్లపాటు దాని ధర 180 డాలర్లే. నెలకు పాతిక డాలర్ల పైచిలుకు అద్దె అన్నమాట! ఆ మాత్రం కూడా పెట్టలేనివాళ్లకు ఊరి చుట్టుపక్కల 14 రోజులు ఉచితంగా ఉండే చోట్లున్నాయి.

అద్దె తక్కువే కానీ సౌకర్యాలూ అంతంతే. బండి పక్కన కరెంటు ప్లగ్గు ఉండదు, కుళాయి ఉండదు. కరెంటు ఎండ నుంచి రావాలి, లేదంటే జనరేటరు వేసుకోవాలి. తాగే నీళ్లు పట్టుకునేందుకూ, మురుగు ట్యాంకు ఖాళీ చేసేందుకూ లా పోసాలో ఓ చోటుకి వెళ్లి రావాలి. అందుకే ఏ బండి నిజంగా ఇల్లో, ఏది ఇల్లులా కనిపించే బండో ఇక్కడ పది రోజుల్లో తేలిపోతుంది.

బస్సా, వ్యానా?

మనకు ఇలాంటి బండి అంటే సినిమా షూటింగుల దగ్గర కనిపించే కారవాన్ గుర్తొస్తుంది. హీరో విశ్రాంతి తీసుకునే ఏసీ గది అది. అమెరికాలో ఇంజినూ ఇల్లూ ఒకటిగా ఉండేదాన్ని మోటార్‌హోమ్ అంటారు. మూడు రకాలు.

‘ఎ’ రకం అచ్చం బస్సులా ఉంటుంది. పొడవు 45 అడుగుల వరకూ ఉండొచ్చు. హాలు, వంటిల్లు, పడగ్గది, స్నానాలగది అన్నీ ఉంటాయి. కొన్నింట్లో వాషింగ్ మెషిన్ కూడా. మీట నొక్కితే గోడే బయటికి జరిగి గది పెద్దదవుతుంది. వీటిలో మళ్లీ ముందు పెట్రోలు ఇంజినున్నవి, వెనక డీజిల్ ఇంజినున్నవి వేర్వేరు. డీజిల్‌వి కొండలెక్కడంలో మేలు, ధరలోనూ మెయింటెనెన్సులోనూ భారం. ‘బి’ రకం వ్యాను. మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోర్డ్ ట్రాన్సిట్ లాంటి వాటిలోపలే మంచం, పొయ్యి, బుల్లి టాయిలెట్ ఇరికిస్తారు. ఎక్కడైనా పార్కింగ్ చేసుకోవచ్చు. కానీ ఇద్దరుంటే ఒకరు లేచి నిల్చున్నప్పుడు రెండోవారు కూర్చోవాల్సిందే! ఈ రెంటికీ మధ్యది ‘సి’ రకం. ముందు భాగం వ్యానులా, వెనక భాగం పెట్టెలా ఉంటుంది. డ్రైవరు నెత్తిన ఓ మంచం ఉంటుంది.

మైలేజీ సంగతి చూస్తే వ్యాను లీటరుకు ఆరేడు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. ‘సి’ రకం నాలుగుకు అటూఇటూ. పెట్రోలు బస్సు మూడు కిలోమీటర్లు ఇచ్చిందంటే యజమాని సంతోషపడతాడు. అందుకే పెద్ద బండివాళ్లు వెనక ఓ చిన్న కారును కూడా లాక్కెళతారు. బండిని ఓ చోట నిలిపేసి కూరగాయలకీ, మందులషాపుకీ కారులో తిరుగుతారు.

పొడవుతో ఇంకో చిక్కుంది. తిరగడానికే బండి కొన్నామనుకుంటారు, తీరా చూస్తే కొన్ని చోట్లకి బండి పోదు. మోంటానాలోని గ్లేసియర్ జాతీయ పార్కులో కొండ అంచున సాగే రోడ్డు ఎంతో ప్రసిద్ధి. దాని ఎత్తైన భాగంలోకి 21 అడుగులు దాటిన బండ్లను రానివ్వరు. పాత పార్కుల్లో క్యాంపు జాగాలు కూడా చిన్న బండ్ల కాలంలో కట్టినవే. కదలడం ఎక్కువ, ఆగడం తక్కువ అనుకునేవాళ్లకు చిన్న బండి, ఏడాదికి రెండు మూడు చోట్లే మకాం అనుకునేవాళ్లకు పెద్దది. బండి ఎంపిక ఇక్కడే మొదలవ్వాలి. చాలామంది దీన్ని వదిలేసి సోఫా రంగు దగ్గర మొదలుపెడతారు.

పాతదే ఎందుకు?

కొత్త డీజిల్ బస్సు మూడు లక్షల డాలర్లు దాటడం మామూలే. ఇల్లయితే ఏటా ధర పెరుగుతుందన్న ఆశ ఉంటుంది. బండి అలా కాదు. షోరూము గేటు దాటిన రోజు నుంచే ధర పడిపోతుంది. మొదటి నాలుగైదేళ్ల నష్టం మొదటి యజమానిదే. రెండో యజమాని ఆ నష్టం తప్పించుకోవచ్చు. పైగా కొత్త బండ్లకు బాలారిష్టాలెక్కువ. ఊడిపోయే తలుపులు, కారే గొట్టాలు, పనిచేయని స్విచ్చులు... ఇవన్నీ ఎవరో ఒకరు ముందే బాగుచేయించి ఉంటారు.

కరోనా తర్వాత పాత బండ్లకు కొదవ లేకుండా పోయింది. విమానాలూ హోటళ్లూ మూతపడ్డ రోజుల్లో జనం వీటిమీద పడ్డారు. 2021లో అమెరికాలోని కంపెనీలు ట్రైలర్లతో కలిపి 6 లక్షలకు పైగా బండ్లను తయారుచేసి పంపాయి. అంతకుముందెన్నడూ లేనంత రికార్డు అది. సరదా తీరినవాళ్లు వాటిని అమ్మకానికి పెట్టారు. అయితే హడావుడిగా తయారైన ఆ ఏడాది బండ్ల నాణ్యత గురించి జాగ్రత్తపడాలని అనుభవజ్ఞులు చెబుతుంటారు. కాబట్టి బండి ఎంత పాతదన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఎవరి చేతిలో ఎలా పెరిగిందన్నది ముఖ్యం.

మరీ పాతదైనా ఇబ్బందే. పదిహేనేళ్లు దాటినవాటికి బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడతాయి. అందులోనే కాపురం ఉంటామంటే అసలివ్వనివీ ఉన్నాయి. కాస్త ఖరీదైన ప్రైవేటు పార్కుల్లో ‘పదేళ్ల నిబంధన’ అని ఒకటుంటుంది. అంతకంటే పాత బండిని లోపలికి రానివ్వరు. చూడ్డానికి శుభ్రంగా ఉంటే ఫొటో చూసి ఒప్పుకునేవాళ్లూ ఉన్నారనుకోండి.

నీళ్లే అసలు శత్రువు

కొనేవాడు మొదట ఇంజిను మూత ఎత్తుతాడు. తెలిసినవాడు మాత్రం నిచ్చెన ఎక్కి కప్పు చూస్తాడు. ఇంజిను ట్రక్కులకు వాడేదే. లక్ష మైళ్లు తిరిగినా సరిగ్గా చూసుకుంటే ఢోకా ఉండదు. ఇల్లు మాత్రం పల్చటి ప్లైవుడ్డు, ఫైబర్‌గ్లాస్, జిగురుతో కట్టింది. రోడ్డు మీద పోతున్నంతసేపూ దానికి చిన్నసైజు భూకంపమే. కప్పు మీద ఏసీకి, గాలిగొట్టాలకు, యాంటెన్నాకు చేసిన రంధ్రాల చుట్టూ మైనంలాంటి సీలెంట్ పూస్తారు. అది ఎండకి పగులుతుంది. ఆ పగులులోంచి దిగిన నీటిచుక్క గోడలోపలి చెక్కను నెమ్మదిగా కుళ్లబెడుతుంది. పైకి మాత్రం ఏమీ కనిపించదు.

కనిపెట్టే మార్గాలు లేకపోలేదు. తలుపు తీయగానే ముక్కుపుటాలకు ముసురు వాసన తగిలితే అనుమానించాలి. గదిలో పరిమళాలు గుప్పుమంటే ఇంకా అనుమానించాలి! అల్మరాల్లో పైమూలలు టార్చిలైటుతో వెతకాలి, మరకలుంటాయేమోనని. నేల మీద కాలితో తొక్కుతూ నడవాలి, ఎక్కడైనా మెత్తగా దిగబడుతుందేమోనని. బయట పొద్దువాలే ఎండలో గోడ పక్కన నిలబడి పొడుగునా చూడాలి. ఫైబర్‌గ్లాస్ ఉబ్బి అలల్లా కనిపిస్తే లోపల నీళ్లు చేరాయనే అర్థం. అలాంటి గోడ బాగుచేయించడం కంటే బండి వదిలేసి రావడం చవక. చెమ్మను కొలిచే చిన్న మీటరు కొనుక్కెళితే మరీ మంచిది.

వరదల్లో మునిగిన బండ్లతో ఇంకో ప్రమాదముంది. 2005లో కత్రినా, 2017లో హార్వే లాంటి తుపాన్ల తర్వాత నీట మునిగిన వాహనాలను కడిగి తుడిచి దూర రాష్ట్రాల్లో అమ్మేసినవాళ్లున్నారు. బండి గుర్తింపు నంబరు ఉంటే దొంగ బండో, ప్రమాదంలో పనికిరాకుండా పోయిందని బీమా కంపెనీలు తేల్చిందో ఇంటర్నెట్‌లో ఉచితంగానే చూసుకోవచ్చు. కంపెనీ ఏ లోపం కోసం వెనక్కి పిలిచిందో కూడా ఆ నంబరుతోనే తెలుస్తుంది.

టైరుకీ పుట్టినరోజుంది

“ఇరవై ఏళ్ల బండి, తిరిగింది పాతికవేల మైళ్లే. టైర్ల మీద గీతలు కూడా అరగలేదు” అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. కారు విషయంలో అది మంచిమాటే. ఈ బండ్ల విషయంలో మాత్రం ప్రమాద ఘంటిక. కదలకుండా నిలబెట్టిన బండి వాడిన బండి కంటే వేగంగా పాడవుతుంది. రబ్బరు ఎండిపోతుంది, ట్యాంకులో పెట్రోలు చెడిపోతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

టైరు పక్కగోడ మీద ‘డాట్’ అన్న అక్షరాలతో మొదలయ్యే నంబరు చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఏడేళ్లు దాటితే గీతలు నిండుగా ఉన్నా మార్చేస్తారు. పెద్ద బండికి ఆరు టైర్లు, కొన్నింటికి ఎనిమిది. వాటి ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. ధర బేరమాడేటప్పుడు ఇది జేబులో ఉండాల్సిన లెక్క. ముందు టైరు పేలితే బస్సంత బండిని అదుపు చేయడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

జనరేటరుకీ ఇదే సూత్రం. దానికి ఎన్ని గంటలు నడిచిందో చెప్పే మీటరుంటుంది. పదేళ్లలో యాభై గంటలే నడిచిందంటే దాన్ని ఎవరూ పట్టించుకోలేదన్నమాట. నెలకోసారైనా ఏసీ వేసి నడపాల్సిన యంత్రం అది. ఫ్రిజ్ సంగతి మరీ విచిత్రం. చాలా పాత బండ్లలో గ్యాసుతోనూ కరెంటుతోనూ నడిచే రకం ఉంటుంది. అది చల్లబడటానికి గంటలు పడుతుంది. కాబట్టి ముందురోజే వేసి ఉంచమని అడగాలి. గ్యాసు లీకును పసిగట్టే అలారానికి కూడా గడువు తేదీ ఉంటుంది. వెనకవైపు తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

ఇవన్నీ సొంతంగా చూడలేనివాళ్లకు శిక్షణ పొందిన తనిఖీదారులున్నారు. బండిని రోజంతా పరీక్షించి ఫొటోలతో నివేదిక ఇస్తారు. ఇంజిను ఆయిలును ల్యాబుకు పంపి పరీక్ష చేయిస్తారు, మనిషికి రక్తపరీక్షలాగే. ఖర్చు వందల డాలర్లలో మొదలై వెయ్యి దాటొచ్చు. జీవితకాలపు పొదుపు పెట్టేటప్పుడు అది ఎక్కువేం కాదు. తనిఖీకి ఒప్పుకోని అమ్మకందారుతో బేరం అక్కడితో ఆపేయడమే మంచిది.

మోయగలదా?

ఇల్లు ఖాళీచేసి బండిలోకి మారేవాళ్లు చేసే పెద్ద పొరపాటు బరువు. బండి లోపల తలుపు దగ్గరో, అల్మరాలోనో ఓ చీటీ అంటించి ఉంటుంది. మొత్తం ఎంత బరువు దాటకూడదో, అందులో సామాన్లకు మిగిలేదెంతో దానిమీద రాసి ఉంటుంది. నలభై అడుగుల బండి కదా అని చూస్తే సామాన్లకు మిగిలింది ఏ ఐదారువందల కిలోలో ఉండొచ్చు. మూడొందల లీటర్ల ట్యాంకు నింపితే మూడొందల కిలోలు అందులోనే పోయాయి. మిగతా దాంట్లో గిన్నెలు, బట్టలు, పనిముట్లు, పుస్తకాలు, అవసరమైతే ఆక్సిజన్ యంత్రం.

అందుకే కొనేముందు లారీల కాటా దగ్గర బండిని తూకం వేయించమంటారు. వారాంతపు సరదాకి చేసిన బండిలో పన్నెండు నెలల కాపురం పెడితే ఇరుసులు ఊరుకోవు. ఏది తీసుకెళ్లాలి, ఏది వదిలేయాలి అన్న ప్రశ్న అక్కడ తాత్వికమైంది కాదు, అక్షరాలా కిలోల్లో తేలేది. పెళ్లినాటి పింగాణీ పళ్లెమా, ఆయన డ్రిల్లింగ్ మెషినా అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే.

ఒక రాత్రి పడుకుని చూస్తే...

షోరూములో తిరిగి చూడటం వేరు, అందులో బతకడం వేరు. అందుకే కొనాలనుకున్న రకం బండిని ముందు ఓ వారం అద్దెకు తీసుకోమని పాతకాపులు సలహా ఇస్తారు. అమెరికాలోని మన తెలుగు కుటుంబాలు కూడా సెలవుల్లో ఇలా అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కి వెళ్లొస్తుంటాయి. ఆ బుల్లి వంటింట్లో తిరగమోత వేస్తే ఘాటు మంచందాకా పోతుందని వాళ్లకు మొదటిరోజే తెలిసిపోతుంది. రిటైరైనవాళ్లు చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మంచానికి రెండువైపులా దిగే దారుందా? లేదంటే అర్ధరాత్రి బాత్‌రూముకి వెళ్లేందుకు ఒకరు ఇంకొకరిని దాటుకుని పోవాలి. మెట్లు ఎంత ఎత్తున్నాయి? మోకాళ్లు ఈ ఏడాది ఒప్పుకున్నా ఐదేళ్ల తర్వాత? గోడలు లోపలికి జరిపేసినప్పుడు కూడా టాయిలెట్‌కి వెళ్లగలరా? అన్నిటికంటే ముఖ్యం... భార్యాభర్తలిద్దరూ ఆ బండిని నడపగలరా?

చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సుతోనే వీటిలో ఎక్కువ బండ్లను నడపొచ్చు. కానీ చాలా జంటల్లో స్టీరింగు ఒక్కరి చేతిలోనే ఉంటుంది. ఆ ఒక్కరికి దారిలో గుండెనొప్పి వస్తే రెండోవారు ఏం చేయాలి? కనీసం పక్కకి తీసి ఆపడమైనా వచ్చి ఉండాలి. ఇది తేలకుండా సంతకం పెట్టకూడదని అనుభవజ్ఞులు గట్టిగా చెబుతారు.

ఇల్లు మెకానిక్ దగ్గరకెళితే?

కారు పాడైతే షెడ్డులో వదిలి ఇంటికి వస్తాం. ఇల్లే పాడైతే? విడిభాగం రావడానికి వారాలు పట్టొచ్చు. అన్నాళ్లూ హోటల్లో ఉండాలి. అందుకే బండి కొనగా మిగిలిన డబ్బును పూర్తిగా తిరుగుళ్లకు లెక్కేసుకోకూడదు. రిపేర్లకూ హోటళ్లకూ కొంత విడిగా ఉంచుకోవాలి. బీమా కూడా మామూలుది సరిపోదు. అందులోనే కాపురం ఉండేవాళ్లకు ఇంటి బీమా, బండి బీమా కలిసిన ప్రత్యేక పాలసీలుంటాయి. అవే తీసుకోవాలి.

చిరునామా ఇంకో సమస్య. ఇల్లు లేకపోతే ఉత్తరాలెక్కడికి వస్తాయి? ఓటెక్కడ? లైసెన్సెక్కడ? చాలామంది టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటాల్లో ఏదో ఒకదాన్ని సొంత రాష్ట్రంగా ఎంచుకుంటారు. అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను ఉండదు. ఉత్తరాలు అందుకుని, ఎక్కడుంటే అక్కడికి పంపించే సంస్థలూ ఉన్నాయి. డాక్టరు సంగతికొస్తే, 65 ఏళ్లు నిండినవాళ్లకు ప్రభుత్వ మెడికేర్ ఉంటుంది. మూల పథకమైతే దేశంలో ఎక్కడైనా దాన్ని అంగీకరించే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ పథకాలకు మాత్రం చాలావరకు సొంత ప్రాంతంలోని ఆసుపత్రులే. సంచారికి ఈ తేడా తెలిసి ఉండటం బండి మైలేజీ తెలియడం కంటే ముఖ్యం.

కలిసొచ్చేవీ ఉన్నాయి. 62 ఏళ్లు దాటిన పౌరులకూ, గ్రీన్‌కార్డుదారులకూ 80 డాలర్లకు జీవితకాలపు పాసు ఇస్తారు. దాంతో జాతీయ పార్కుల్లోకి ప్రవేశం ఉచితం, చాలా ప్రభుత్వ క్యాంపుల్లో అద్దె సగమే.

అందరిదీ సరదా కాదు

క్వార్ట్‌సైట్‌లో కనిపించే ప్రతి బండి వెనకా దేశం చూడాలన్న కోరికే ఉందనుకుంటే పొరపాటు. రిటైరైన ఉద్యోగికి ప్రభుత్వం నుంచి వచ్చే పింఛను 2025లో సగటున నెలకు సుమారు 2000 డాలర్లు. పెద్ద నగరాల్లో చిన్న ఫ్లాటు అద్దెకే అది సరిపోదు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇళ్లూ పొదుపూ పోగొట్టుకున్న పెద్దవాళ్లు ఎందరో చక్రాల మీదికి మారారు. కాలానుగుణంగా గోదాముల్లో, క్యాంపుల్లో, పొలాల్లో పనులు చేస్తూ బతికే వాళ్ల జీవితాన్ని పాత్రికేయురాలు జెస్సికా బ్రూడర్ 2017లో ‘నొమాడ్‌ల్యాండ్’ పుస్తకంగా రాశారు. దాని ఆధారంగా క్లోయీ జావ్ తీసిన సినిమాకు 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కారొచ్చింది. అందులో కొన్ని దృశ్యాలు క్వార్ట్‌సైట్ ప్రాంతంలోనే తీశారు. వ్యాన్లలో బతికేవాళ్ల కోసం 2010లో ఇక్కడ సమ్మేళనం మొదలుపెట్టిన బాబ్ వెల్స్ సినిమాలోనూ తన పాత్రలోనే కనిపిస్తారు. తక్కువ డబ్బుతో వ్యానును ఇల్లుగా ఎలా మార్చుకోవాలో, ఒంటరి ఆడవాళ్లు రాత్రిళ్లు ఎక్కడ ఆగితే క్షేమమో ఆ సమ్మేళనంలో ఒకరికొకరు నేర్పుకుంటారు.

ఎడారిలో ఈ రెండు రకాలవాళ్లూ పక్కపక్కనే ఉంటారు. లక్షల డాలర్ల బస్సు నీడ, రంగు వెలిసిన వ్యాను మీద పడుతుంటుంది. తేడా అంతా ఒక్కచోటే. ఒకరికి బండి నచ్చకపోతే వెనక్కి వెళ్లే దారుంది, రెండోవారికి లేదు.

ఎందుకు అమ్ముతున్నారు?

ఊళ్లోనూ చుట్టుపక్కలా చాలా బండ్ల అద్దాల మీద ‘అమ్మబడును’ అన్న బోర్డులు కనిపిస్తాయి. కొనేవాళ్లు ఇంజిను గురించి, టైర్ల గురించి అడిగాక మర్చిపోకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. “ఎందుకు అమ్మేస్తున్నారు?” జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి. కళ్లు మసకబారాయి... మోకాలి ఆపరేషనైంది... మనవలకు దూరమైపోతున్నాం... ఆవిడ పోయింది, ఒక్కణ్నీ తిరగలేను. ఇలా బండి వదిలేయడాన్ని అక్కడివాళ్లు ‘తాళాలు తగిలించేయడం’ అంటారు. అమ్మేవాళ్లు ఈరోజు చెబుతున్నది, కొనేవాళ్లు ఏ పదేళ్లకో చెప్పాల్సిందే. వినే మనసుంటే ఆ జవాబు మెకానిక్ నివేదిక కంటే విలువైంది.

కాబట్టి బండి కొనేరోజే ఆపేరోజు గురించి కూడా ఆలోచించాలన్నది ఈ జీవితం గడిపినవాళ్లు చెప్పే మాట. ఇల్లు అమ్మిన డబ్బంతా బండి మీద పెట్టకూడదు. ఎందుకంటే బండి ధర తగ్గుతూ పోతుంది, ఇళ్ల ధరలు పెరుగుతూ పోతాయి. తిరిగి వచ్చి చిన్న ఫ్లాటైనా తీసుకోగలిగినంత మిగుల్చుకోవాలి. కొందరు సొంతింటిని అమ్మకుండా ఏడాదిపాటు అద్దెకిచ్చి, ఈ బతుకు పడుతుందో లేదో చూసుకున్నాకే నిర్ణయం తీసుకుంటారు. ఖరీదైన కొత్త బస్సు బదులు పాతదాన్ని ఎంచుకోవడంలో అసలు లాభం ఇదే. మిగిలిన డబ్బే వెనక్కి వచ్చే దారి.

వెనక్కి వెళ్లడానికి ఇల్లూ మనుషులూ లేనివాళ్ల కోసం కూడా ఓ దారి ఉంది. జో, కే పీటర్సన్ దంపతులు 1978లో ఇలాంటి సంచారుల కోసం ‘ఎస్కేపీస్’ అనే క్లబ్బు పెట్టారు. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్ పట్టణంలో దాని కేంద్రముంది. సభ్యుల ఉత్తరాలు చేరేది అక్కడికే. ఆ ప్రాంగణంలోనే ‘కేర్’ పేరుతో ఓ ఆశ్రయం ఉంది. వయసు మీదపడో, జబ్బుచేసో బండి నడపలేని స్థితికి వచ్చినవాళ్లు తమ బండిని అక్కడ నిలుపుకుని, అందులోనే ఉండిపోవచ్చు. వేళకి భోజనం పెడతారు. డాక్టరు దగ్గరికి తీసుకెళతారు. పగటిపూట చూసుకునే మనుషులుంటారు. ఇన్నాళ్లూ తిరిగిన ఇంటిని వదిలి ఏదో వృద్ధాశ్రమంలో మంచానికి పరిమితమయ్యే అవసరం ఉండదు. చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా ఒకప్పుడు ఏ ఎడారిలోనో, ఏ నది ఒడ్డునో పక్కపక్కన కుర్చీలేసుకుని కూర్చున్నవాళ్లే.

ఏప్రిల్ 15తో లా పోసా పర్మిట్ల గడువు తీరుతుంది. అప్పటికే ఎండ ముదురుతుంది. గొడుగు పందిళ్లు మడిచి, ట్యాంకులు ఖాళీ చేసి, టైర్లలో గాలి చూసుకుని ఒక్కో బండీ ఉత్తరంగా కదులుతుంది. కొత్తగా కొన్నవాళ్లు మొదటి దూరప్రయాణం మొదలుపెట్టేది అప్పుడే. పాతవాళ్లు వాళ్లను ఆపి చివరిగా ఓ మాట చెప్పి పంపుతారు... రోజుకు మూడొందల కిలోమీటర్లకు మించి నడపొద్దు, పొద్దుగూకకముందే ఆగండి, ఆగిన చోటల్లా ఓసారి కప్పెక్కి చూడండి.